మా అత్త మెడలో కప్ప

మా మేనత్త ఝాన్సీలక్ష్మికి ఎవరినైనా చూసి ఓర్వలేనితనం వస్తే ముందు ముక్కు కొన ఎర్రబడుతుంది. తర్వాత పమిట చెంగు లాగి నడుములో దోపుకుంటుంది. ఆ తర్వాత, దేనికీ సంబంధం లేకుండా, "ఏమే, ఆ గేదెకి నీళ్ళు పెట్టావా లేదా?" అని నా మీద అరుస్తుంది. ఇదంతా నాకు బాగా తెలుసు. ఎందుకంటే నేను ఆమె ఇంట్లోనే ఉంటాను.

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా అమ్మ చనిపోయింది. నాన్న నన్ను తెచ్చి అత్త దగ్గర వదిలాడు. శావల్యాపురం దాటి లోపలికి పోతే వస్తుంది ఈ ఊరు. నర్సరావుపేటలో కాలేజీలో చేర్పిస్తామన్నారు. ఆ ఏడు మిరప కోతలు ఉన్నాయన్నారు, మరుసటేడు ఇంకేదో వచ్చింది. అలా ఉండిపోయాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అందుకని చూస్తూ ఉంటాను.

ఇల్లు ఒకటే, మధ్యలో గోడ. ఇటు పెద్దవాడు నరసింహారావు మామయ్య, మా అత్త. అటు చిన్నవాడు నాగభూషణం మామయ్య, ఆయన భార్య కోటమ్మత్త. గోడ ఇటుకలదే గాని చెవులు లేనిది కాదు. అటు పోపు వేస్తే ఇటు అత్త వాసన చూసి ఏం కూరో చెప్తుంది. చెప్పి ఊరుకోదు. "నిన్న మనం దోసకాయ పప్పు చేశాం గదా, ఇయ్యాల అది మొదలుపెట్టింది చూడు" అంటుంది. కోటమ్మత్త పెట్టిన గోంగూర పచ్చడి ఏడాదైనా బూజు పట్టదు. మా అత్త పచ్చడికి వానాకాలం రాకముందే తెల్లగా వస్తుంది. ఆ జాడీ మూత తీసిన ప్రతిసారీ అత్త గోడవైపు చూస్తుంది, గోడే చేసినట్టు.

ఇలాంటివి అన్ని ఇళ్ళలోనూ ఉంటాయి. అసలు మంట వేరే చోట రాజుకుంది.

మా ప్రాంతంలో మహాశివరాత్రికి ఊరూరి నుంచి కోటప్పకొండకు ప్రభలు పోతాయి. వెదురు గడలతో ఇంటికంటే ఎత్తుగా కట్టి, రంగు బల్బులు చుట్టి, ట్రాక్టరు మీద నిలబెట్టి తీసుకుపోతారు. మా ఊరి ప్రభ కదలబోయే ముందు చక్రాల దగ్గర బిందెడు పసుపునీళ్ళు పోసి, మొదటి హారతి ఇచ్చేది ఈ ఇంటి పెద్దకోడలు. ఆ పళ్ళెం మా అత్తకు వాళ్ళ అత్తగారి చేతినుంచి వచ్చింది. ఊళ్ళో ఆమెను ఆమెగా గుర్తించే రోజు ఏడాదికి అదొక్కటే.

తర్వాత ఎంపీటీసీ సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది. రాజకీయం చూసేది నాగభూషణం మామయ్య గనక కోటమ్మత్త పేరు వేశారు. ఆమె గెలిచింది.

"పెద్దదాన్ని ఇంట్లో పెట్టుకుని చిన్నదాన్ని నిలబెడతారా?" అని అత్త ఆ రోజు అన్నం ముందునుంచి లేచిపోయింది.

"నిన్ను నిలబెడితే ఓటు అడగబోయిన ప్రతి ఇంట్లోనూ ఒక తగాదా పెట్టుకొస్తావ్" అన్నాడు నరసింహారావు మామయ్య, పెరుగు కలుపుకుంటూ.

ఆ శివరాత్రికి ఊరి పెద్దలు కూడబలుక్కుని, గెలిచిన మనిషి గదా అని, హారతి పళ్ళెం కోటమ్మత్త చేతికిచ్చారు. అప్పటినుంచి ప్రభ కదిలే వేళకు మా అత్త తలుపు గడియ వేసుకుని లోపల కూర్చుంటుంది. డప్పుల మోత తలుపులోంచి వస్తూనే ఉంటుంది.

కిందటేడు కోటమ్మత్త నడుస్తూ నడుస్తూ స్పృహ తప్పి పడిపోయింది. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని గుంటూరులో చెప్పారు. ఎడమ భుజం కింద కోసి పేస్‌మేకర్ పెట్టారు. మా ఊళ్ళో దాన్ని బ్యాటరీ అంటారు. ఆమె ఇంటికొచ్చాక పరామర్శకు ఊరంతా వచ్చింది. దానిమ్మకాయలు, బత్తాయిలు, హార్లిక్సు సీసాలు. ఆమెకు ఫోను బ్యాటరీకి దూరంగా కుడిచెవి దగ్గర పట్టేది ఒకరు, కారు ముందు సీటు వెనక్కి జరిపేది ఒకరు. రవిక కొంచెం పక్కకు జరిపి ఆ గాటు చూపిస్తే ఆడవాళ్ళు "అయ్యో తల్లీ" అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు.

మా అత్త గోడకు ఇటు నిలబడి, "కొట్టుకోని గుండెకి ఇంత మర్యాదా!" అంది. ముక్కు కొన మండిపోతోంది.

సరిగ్గా ఆ తర్వాతే అత్త తనకూ గుండె దడగా ఉంటోందని బయటికి చెప్పింది. ఊరంతా నవ్వింది.

నిజానికి ఆ దడ కొత్తది కాదు. నేను వచ్చిన ఏడాదే చూశాను. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉలిక్కిపడి చెయ్యి ఛాతీమీద పెట్టుకుంటుంది. మొహం తెల్లబోతుంది. అప్పుడు మెడకేసి చూస్తే, గొంతు కింద రెండు పక్కలా చర్మం టపటపా ఎగురుతూ ఉంటుంది, వానలో కప్ప గొంతు ఎగిరినట్టు. కాసేపటికి, స్విచ్చి ఆపినట్టు, ఆగిపోతుంది. ఆగగానే బాత్‌రూముకు పరిగెడుతుంది. నేను ఎవరికీ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు.

ఊళ్ళో ఆర్ఎంపీ, "గ్యాసమ్మా, పొద్దున్నే పరగడుపున ఈ బిళ్ళ వేసుకో" అన్నాడు. నర్సరావుపేట తీసుకెళ్ళి ఈసీజీ తీయిస్తే బాగానే ఉంది. ఆటో ఎక్కేలోపే ఆ దడ ఆగిపోయేది మరి. "ఆమెకు గుండెలో ఏమీ లేదు, కడుపులోనే ఉంది" అన్నాడు నాగభూషణం మామయ్య. ఆ మాట ఊళ్ళో చానా దూరం పోయింది.

అత్త పట్టు వదల్లేదు. నర్సరావుపేటలోనే గుండె డాక్టరు జయరాజు గారి దగ్గరికి తీసుకెళ్ళమంది. ఆయన ఓపిగ్గా విని, వచ్చిపోయే దడ ఈసీజీకి దొరకదనీ, ఒక రోజంతా ఒంటిమీద చిన్న మిషన్ ఉంచాలనీ చెప్పాడు. దాన్ని హోల్టర్ అంటారట. అక్కడి టెక్నీషియన్ అమ్మాయి అత్త ఛాతీకి బిళ్ళలు అతికించి, వైర్లు తగిలించి, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన మిషన్ మెడలో వేలాడదీసింది. కోటు మీద రుక్సానా అని పేరు ఉంది. నా ఈడుదే. ఆమె వేళ్ళు ఎక్కడా తడబడలేదు. నేను ఆ తెల్లకోటు గుండీలు చూస్తూ నిలబడ్డాను.

"స్నానం ఒక్కటే వద్దమ్మా. మిగతా పనులన్నీ రోజూలాగే చేసుకోండి. దడ రాగానే ఈ బటన్ నొక్కండి" అంది రుక్సానా.

అత్త తలూపింది. ఇంటికి రాగానే మంచం ఎక్కింది.

"అత్తా, పనులు చేసుకోమంది గదా ఆ అమ్మాయి" అన్నాను.

"ఒంటిమీద మిషన్ పెట్టుకుని పేడ ఎత్తమంటావా? చూసినోళ్ళు ఏమనుకుంటారే?"

మామయ్య కూడా అదే అన్నాడు. మా ఊళ్ళో మిషన్ తగిలించారంటే రోగం ముదిరినట్టే. ముదిరిన రోగికి విశ్రాంతి ఇవ్వాలి. అత్తకు వెనక రెండు దిండ్లు పెట్టారు. వైర్లు కనబడేలా పమిట సర్దుకుంది. కబురు పాకింది. నవ్విన ఊరే పరామర్శకు వచ్చింది, బత్తాయిలు తెచ్చింది. కోటమ్మత్త కూడా గోడ చుట్టూ తిరిగి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నాకు పెట్టినప్పుడు ఇంకా పెద్ద మిషన్ పెట్టారక్కా" అంది.

"నీది పాత రకం అయ్యుండిద్ది" అంది అత్త.

ఆ రోజంతా అత్త ముక్కు కొన మామూలు రంగులోనే ఉంది. వచ్చినవాళ్ళందరూ ఆమెకోసమే వచ్చారు. కుళ్ళుకోవడానికి ఆమెకు ఏమీ లేదు. మెడకేసి ఎన్నిసార్లు చూసినా కప్ప లేవలేదు. బటన్ నొక్కే పనే పడలేదు.

రిపోర్టు అంతా నార్మల్ అని వచ్చింది.

ఈసారి ఊరు గట్టిగానే నవ్వింది. "కోటమ్మకు బ్యాటరీ పెట్టారని ఈమెక్కూడా కావాలంట" అని చేతిపంపు దగ్గర బుల్లెమ్మ అంటుంటే నేను విన్నాను. బుల్లెమ్మ మా వెనక ఇంటి మనిషి. బత్తాయిలు తెచ్చినవాళ్ళలో ఆమె కూడా ఉంది. మామయ్య, "ఇంక ఆస్పత్రి పేరు ఎత్తబాక" అన్నాడు. అత్త ఎత్తలేదు. దడ వస్తే లోపలి గదిలోకి పోయి గోడకు ఆనుకుని నిలబడేది. అది ఆగేదాకా బయటికి వచ్చేది కాదు. అంతకుముందు ఆమె అరుపులు వినడం కష్టంగా ఉండేది. ఇప్పుడు అరవకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

మాఘమాసంలో ఒక పొద్దున అత్త గేదె దగ్గర కూర్చుని పాలు పితుకుతోంది. గోడ అవతల ఎవరో వచ్చి, కొత్త వాటర్ ట్యాంకు ప్రారంభానికి కోటమ్మత్త కొబ్బరికాయ కొట్టాలని అడుగుతున్నారు. నేను దూడను పట్టుకుని ఉన్నాను. అత్త చేతులు ఆగాయి. మెడలో కప్ప లేచింది. లేవబోయి తూలి, కుడితి తొట్టి అంచుకు నుదురు కొట్టుకుని పడిపోయింది. తపేలా దొర్లి పాలన్నీ మట్టిలో ఇంకిపోయాయి. కళ్ళు తెరిచాక ఆమె అన్న మొదటి మాట, "మీ మామయ్యకు కాలు జారిందని చెప్పు."

నాకు భయం వేసింది. ఈసారి తల తొట్టికి తగిలింది. రేపు పొయ్యి దగ్గర పడొచ్చు, బావిగట్టున పడొచ్చు. అప్పుడు కూడా కాలు జారిందనే అనుకుంటారు. కుట్లు వేయించడానికి నర్సరావుపేట వెళ్ళినప్పుడు నేను జయరాజు గారి గది ముందు ఆగి, "అత్తా, ఒక్కసారి" అన్నాను. నుదుటికి కట్టు ఉంది, వాదించే ఓపిక లేదు. లోపలికి వచ్చింది.

డాక్టరు గారు ఆమెను కాకుండా నన్ను అడిగాడు. "నువ్వు దగ్గర ఉంటావా అమ్మా? దడ వచ్చినప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పగలవా? మెడ దగ్గర ఏమైనా కొట్టుకున్నట్టు కనబడుతుందా?"

నా మెడ మీద వేలు పెట్టి చూపించాను. "కప్పలాగా" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఒక్కసారే మొదలై ఒక్కసారే ఆగుతుందా?"

"ఆ."

"ఆగాక ఒంటేలు ఎక్కువగా వస్తుందా?"

అత్త ఉలిక్కిపడి నా వైపు చూసింది, నేనే చెప్పానేమోనని. నేను చెప్పలేదు.

"ఇది ఉత్త దిగులు కాదనిపిస్తోంది" అన్నాడాయన. "కాని చేతికి దొరక్కుండా వైద్యం మొదలుపెట్టలేను. మళ్ళీ మిషన్ పెడతాను. ఈసారి పడుకోవద్దు. అది ఎక్కడ వస్తుందో అక్కడికే పొండి. పాలు పిండండి, పొలం పొండి, పోట్లాడే అలవాటుంటే పోట్లాడండి."

"పోట్లాట కూడానా?" అంది అత్త.

"అది కూడా."

మిషన్లు అన్నీ వేరేవాళ్ళకు ఇచ్చి ఉండటంతో అది మాకు దొరికేసరికి శివరాత్రి ముందురోజు అయింది. మా ప్రభ బయలుదేరేది ఆ సాయంత్రమే. నుదుటి గాయం చూశాడు గనక మామయ్య పొద్దున్నే తనే తీసుకెళ్ళి పెట్టించాడు. ఇంటికి వచ్చాక అత్త వైర్లు కనబడకుండా పమిట నిండా కప్పుకుంది. గేదెను కడిగింది, కుడితి కలిపింది, పప్పు రుబ్బింది. కప్ప లేవలేదు. ప్రొద్దు వాలుతుండగా డప్పులు మొదలయ్యాయి. అత్త లేచి తలుపు గడియ వేయబోయింది.

"అత్తా" అన్నాను. "ఎక్కడ వస్తే అక్కడికి పొమ్మన్నారు."

"పొలం పోదాం పద."

"పొలంలో రాదు."

చెయ్యి గడియ మీదే ఉంది. నా వైపు చాలాసేపు చూసింది. ఎక్కడ వస్తుందో ఆమెకూ తెలుసు. వెళ్తే ఊరందరి ముందూ వస్తుంది, కోటమ్మత్త ముందు వస్తుంది. వెళ్ళకపోతే మళ్ళీ నార్మల్ అని వస్తుంది. ఇంక మూడోసారి ఎవరూ తీసుకెళ్ళరు.

"నీకు నోరు లేదనుకున్నానే" అంది. గడియ వదిలేసింది.

ప్రభ దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. అత్తను చూసి దారి ఇచ్చారు, ఇచ్చి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మేము ముందు వరసలో నిలబడ్డాం. కోటమ్మత్త కొత్త పట్టుచీర కట్టుకుని వచ్చింది. బిందె ఎత్తి పసుపునీళ్ళు పోసింది. ఆ పోయడం చూసి అత్త నోట్లోనే, "చక్రం మీద కాదే, చక్రం ముందు" అంది. అప్పుడు పళ్ళెం తెచ్చి కోటమ్మత్త చేతిలో పెట్టారు. ఇత్తడి పళ్ళెం, అంచుకు ఒక సొట్ట. ఆ సొట్ట మా అత్త చేతినుంచి ఒకసారి జారిపడినప్పటిది.

కర్పూరం వెలిగింది. అత్త ముక్కు కొన ఎర్రబడింది. చెంగు దోపుకోలేదు. గేదె మాట ఎత్తలేదు. మెడ కింద కప్ప ఎగిరింది.

"నొక్కత్తా" అన్నాను.

నొక్కింది. కళ్ళు మాత్రం పళ్ళెం మీదనుంచి తీయలేదు. ఆ హారతి మూడుసార్లు తిరిగేదాకా నిలబడే ఉంది. తర్వాత కాళ్ళు వదిలేశాయి. పక్క ఇంటి మెట్టు మీద కూర్చోబెట్టి నా భుజానికి ఆనించుకున్నాను. "హారతి చూడలేక పెద్దామెకు మళ్ళీ మొదలైందే" అని బుల్లెమ్మ గొంతు వెనకనుంచి వినబడింది. అత్తకూ వినబడింది.  ప్రభ కదిలి, వీధి మలుపు తిరిగి, బల్బులు కనబడకుండా పోయేదాకా ఆమె మెడ అలా ఎగురుతూనే ఉంది. తర్వాత ఠక్కున ఆగింది.

పండగ అయ్యాక మిషన్ ఇచ్చి వచ్చాం. రిపోర్టుకు రమ్మన్న రోజునే కోటమ్మత్తకు బ్యాటరీ చెకప్పు కూడా ఉంది. కారు ఒకటే. ఆమె ముందు సీట్లో, మేము వెనక. జయరాజు గారు కోటమ్మత్తను చూడటం అయిపోయింది గాని ఆమె కుర్చీలోంచి లేవలేదు. మా అత్త రిపోర్టు వినిగాని కదలదని నాకు అర్థమైంది.

డాక్టరు గారు కంప్యూటరు మా వైపు తిప్పాడు. తెర మీద గీత ఎడంగా, తీరుబడిగా పోతూ పోతూ ఒకచోట ఉన్నట్టుండి దగ్గర దగ్గరగా పడిపోయింది, దువ్వెన పళ్ళలాగా.

"దొరికింది" అన్నాడాయన. "ఇక్కడినుంచి నిమిషానికి నూట తొంభై. సాయంత్రం పూట. అప్పుడు ఏం చేస్తున్నారమ్మా? పరిగెత్తారా? బరువేమన్నా ఎత్తారా?"

అత్త కోటమ్మత్త కేసి ఒకసారి చూసింది.

"మెట్లెక్కారా? వంగారా? చెప్తే నాకు ఉపయోగం."

నేను నేల చూశాను. అత్త వేళ్ళు చెంగును చుట్టి చుట్టి తాడులాగా చేశాయి. మామయ్య గొంతు సవరించుకుని, "తిరణాల జనంలో..." అని మొదలుపెట్టాడు. అత్త చెయ్యెత్తి ఆపింది.

"ఇది హారతి పళ్ళెం పట్టుకుంది" అంది, కోటమ్మత్తను చూపించి. "నేను చూస్తా ఉన్నా. అంతే."



"ఆ ముక్క నేను కాపరానికొచ్చిన కాడ్నుంచి తెలుసక్కా" అంది కోటమ్మత్త. "దానికి మిషన్ కావాలా?"

డాక్టరు గారు నవ్వు ఆపుకున్నాడు. తర్వాత ఈసీజీ కాగితం వెనక ఒక బొమ్మ గీశాడు. "గుండెలో కరెంటు పోవడానికి ఒక దారి ఉంటుంది. ఈమెకు పక్కనే ఇంకో సందు ఉంది. పుట్టుకతోనే ఉంటుంది. కరెంటు ఆ సందులో పడిందంటే గానుగెద్దులా అక్కడే తిరుగుతుంది. కుళ్ళు అందరికీ ఉంటుందమ్మా. ఎవరికైనా అప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కాని ఒక్కో మెట్టూ ఎక్కి, ఒక్కో మెట్టూ దిగుతుంది. మీది గోడ దూకింది. అది గుణం కాదు, జబ్బు."

రుక్సానా అప్పుడే ఏదో కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేను ఆమె కోటుకేసి చూడకూడదనుకున్నాను, చూశాను. నా గుండె ఒక మెట్టు ఎక్కడం నాకు తెలిసింది.

"జబ్బేనంటగా?" అంది అత్త, మామయ్య వైపు తిరిగి. "విన్నావా? జబ్బే."

మామయ్య తల దించుకున్నాడు. "గుంటూరులో దీనికి వైద్యం ఉందాండీ?" అని అడిగాడు.

తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ గుండెదాకా పంపి ఆ సందును కాల్చేస్తారని చెప్పారు. అట్లాగే చేశారు. మూడో రోజుకు అత్త ఇంటికొచ్చేసింది. పరామర్శకు ఊరంతా వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. బుల్లెమ్మ బత్తాయిలతో పాటు కొబ్బరినీళ్ళు కూడా తెచ్చి, "ఏదీ వదినా, యాడ కోశారు?" అని వంగి చూసింది.

అత్త పమిట సర్దుకోబోయి ఆగింది. చూపించడానికి ఏమీ లేదు. తొడ మొదట్లో దోమ కుట్టినంత చుక్క ఉంది, అది పదిమందికీ చూపించేది కాదు.

"కొయ్యలేదు. తీగ పెట్టారు" అంది.

"ఓస్, అంతేనా" అంది బుల్లెమ్మ.

మంచం పక్కనే కూర్చున్న కోటమ్మత్త మెల్లగా రవిక పక్కకు జరిపింది. "నాకైతే ఇదుగో, ఇంత" అంది. ఆడవాళ్ళందరూ అటు వంగారు. "అయ్యో తల్లీ" అన్నారు.

మా అత్త ముక్కు కొన ఎర్రబడింది. చెంగు లాగి నడుములో దోపుకుంది. నేను భయంతో ఆమె మెడకేసి చూశాను. చర్మం నిమ్మళంగా ఉంది. ఇంకాసేపు చూశాను. ఏమీ ఎగరలేదు.

"ఏమే" అని అరిచింది నా మీద, చాలా రోజుల తర్వాత, గోడ అవతలికి కూడా వినబడేట్టు. "ఆ గేదెకి నీళ్ళు పెట్టావా లేదా?"